పేపర్లో మొగుడి ఫోటో

న్యూయార్క్ అమెరికాలో పెద్ద పట్నం. వందేళ్ళ కిందట అక్కడికి ఓడల మీద యూదులు వచ్చారు. యూదులది చాలా పాత మతం. రష్యా, పోలండ్ ప్రాంతాల్లో వాళ్ళకు బతుకుతెరువు లేదు. పైగా ఇళ్ళ మీద దాడులు జరిగేవి. అందుకే 1881 నుంచి 1924 దాకా 20 లక్షల మందికి పైగా అమెరికా చేరారు.

కొత్త దేశం. ఇరుకు గదులు. చాలామందికి బట్టలు కుట్టే పని దొరికింది. ఆ పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. సంసారం ఈదలేక కొందరు మగవాళ్ళు ఏం చేశారు? పని వెతుక్కుంటామని చెప్పి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. కొందరైతే వేరే ఊళ్ళో ఇంకో పెళ్ళి కూడా చేసుకున్నారు.

ఇంట్లో మిగిలింది తల్లీ పిల్లలు. అద్దె ఎవరు కట్టాలి? రొట్టె ఎవరు తేవాలి? కొందరు తల్లులు గతిలేక పిల్లల్ని అనాథాశ్రమంలో వదిలారు. తండ్రి బతికే ఉన్నాడు. అయినా పిల్లలు అనాథలు!

ఇంకో చిక్కు కూడా ఉంది. యూదుల ఆచారంలో విడాకుల కాగితం భర్తే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు. అలాంటి ఆమెను 'అగునా' అంటారు. కట్టేసి ఉన్న మనిషి అని దాని అర్థం.

యూదుల ధర్మసంస్థలు ఈ ఆడవాళ్ళకు డబ్బు సాయం చేసేవి. ఎంత ఇచ్చినా చాలేది కాదు. చివరికి 1911లో ఒక ఆఫీసు పెట్టాయి. దాని పేరు నేషనల్ డెసర్షన్ బ్యూరో. వదిలేసి పోయిన మొగుళ్ళను వెతకడమే దాని పని.

ఆ ఆఫీసులో ఆమెను వివరాలు అడిగేవారు. అతని వయసెంత? పొడుగా, పొట్టా? ఏం పని వచ్చు? తర్వాత ఫోటో అడిగేవారు. ఆ ఫోటో 'ఫార్వర్డ్' పేపర్లో వచ్చేది. అది యూదులు మాట్లాడే యిద్దిష్ భాషలో వచ్చే పేపరు. ఊరూరా చదివేవారు. పారిపోయిన మొగుళ్ళ ఫోటోలు అందులో వరసగా వేసేవారు. ఫోటో చూడడానికి చదువు అక్కర్లేదు కదా! ఇల్లు అద్దెకిచ్చినామె గుర్తుపట్టేది. పక్కన పనిచేసేవాడు గుర్తుపట్టేవాడు. బ్యూరోకు కబురు అందేది.

ఫోటో పేపర్లో పడితే అతని పరువు ఒక్కటే పోదు. ఆమె సంగతీ నలుగురికీ తెలుస్తుంది. అయినా ఆడవాళ్ళు వచ్చారు. ఫోటోలు ఇచ్చారు.

మనిషి దొరికితే బ్యూరో వకీళ్ళు మాట్లాడేవారు. కొందరు ఇంటికి తిరిగి వచ్చారు. కొందరు నెలనెలా డబ్బు పంపడానికి ఒప్పుకున్నారు. మాట వినని వాళ్ళను కోర్టుకు లాగేవారు. కానీ జైల్లో ఉన్నవాడు కూలి ఎక్కడ తెస్తాడు? అందుకే బ్యూరో ముందు రాజీకే చూసేది. ఎంత వెతికినా దొరకనివాళ్ళూ ఉన్నారు.

ఆ బ్యూరో ఫైళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి. న్యూయార్క్‌లో యివో అనే సంస్థ వాటిని దాచి ఉంచింది.