రాయి ముట్టుకునే ముందు

నల్లచెరువు

మనవరాలికి,

చెన్నై చేరినప్పటినుంచీ మృదంగం శ్రుతి దిగిపోతోందనీ, రోజూ రాయితో కొట్టి ఎక్కించినా నిలవడం లేదనీ రాశావు. ముందు ఆ రాయి పక్కన పెట్టు. మృదంగంలో లోపమేమీ లేదు. మన గాలికి అలవాటుపడిన తోలు అది.

మన పాత అనంతపురం జిల్లాలో ఏడాదంతా కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తిరునాళ్లనాటికి గాలిలో చెమ్మ పేరుకు కూడా మిగలదు. నువ్వున్నచోట సముద్రపు గాలి. తోలు ఆ తేమను పీల్చి బరువెక్కుతుంది, సాగుతుంది. బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. నువ్వేమో రోజూ బిగిస్తూ పోతున్నావు. రేపు అదే మృదంగం ఎండగాలిలోకి వస్తే తోలు ముడుచుకుని, మూత అంచు దగ్గర చిట్లుతుంది. అదీ నా భయం.

మీ హాస్టల్ పక్క చర్చిలో పియానో ఉందన్నావు. దానికి జరిగేది తలకిందులు. వానాకాలంలో లోపలి చెక్క పలక ఉబ్బి తీగలను పైకి నెడుతుంది, శ్రుతి ఎక్కుతుంది. అందుకే కొందరు పియానో లోపలే తేమను 42 శాతం దగ్గర నిలిపే యంత్రం అమర్చుకుంటారు. శ్రుతి చేసే మనిషిని మాటిమాటికీ పిలిచేకన్నా అది మేలు. నీకూ అదే దారి: శ్రుతి సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడు.

తేమ చూపే చిన్న మీటరొకటి కొనుక్కో. 45, 55 శాతం మధ్య ఉంటే తోలుకు హాయి. మృదంగాన్ని కిటికీ పక్కన గానీ, ఏసీ గాలి నేరుగా తగిలేచోట గానీ ఉంచకు. మందపాటి సంచిలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ నిండినట్టు. సన్నసెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. వంటగిన్నెలో మాత్రం వద్దు, ఆ రంగు మంచిది కాదు.

మనవైపు పలక డప్పు వాయించేవాళ్లు చితుకుల మంట వేసి దాని తోలు కాచుకుంటారు, చూశావుగా. మృదంగానికి ఆ పని చెయ్యకు. కుడిమూత మీది నల్లటి కరణి, రాతిపొడిని అన్నంతో కలిపి పొర మీద పొరగా రుద్దినది. సెగ తగిలితే రేకులుగా లేచిపోతుంది. ఆ కరణి ఉండబట్టే ఉత్త తోలుమోత కాకుండా స్వరం పలుకుతుంది. సి.వి. రామన్ 1920లోనే నేచర్ పత్రికలో ఈ సంగతి రాశారు.

ఎడమవైపు తడి మనం కావాలని పెట్టేదే. ఆ మూతకు అంటించే రవ్వముద్ద బరువుకే ‘తొం’ గంభీరంగా వస్తుంది. ఇక్కడైతే కచేరీ సగంలోనే ఎండిపోయేది, అక్కడ ఆ బాధ తక్కువ. వాయించాక గీకేసి పొడిగుడ్డతో తుడువు. బద్ధకించావో, ఎలుకలు రవ్వతోబాటు తోలూ కొరికేస్తాయి.

ఇవన్నీ చేసి కొన్నాళ్లు ఆగు. అప్పటికీ దిగే ఉంటే రాయి తియ్యి. అంచు మీద పైనుంచి కొడితే ఎక్కుతుంది, కిందినుంచి కొడితే దిగుతుంది. ఒకేచోట బాదకుండా, చుట్టూ తిరుగుతూ తంబూరాతో సరిచూసుకో.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బయల్దేరేముందే కాస్త దించి తీసుకురా.

మీ తాత