చలి పంటకు ముందు: షెడ్డులో కుళాయి, హీటరు మనమే చూసుకుందాం



మన కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీలకీ, ఒక్కోసారి ఇంకా కిందికీ దిగుతుంది. పురుగులకు మాత్రం మూడో దశలో 26, నాలుగో దశలో 25, ఐదో దశలో 24 డిగ్రీల దగ్గర వేడి కావాలి. చలి పట్టిన పురుగు ఆకు సరిగా తినదు, పంట రోజులు పెరుగుతాయి. చలికి తేమ కూడా తోడైతే సున్నపుకట్టు రోగానికి దారి ఇచ్చినట్టే. కాబట్టి చాకీ పురుగులు తెచ్చే వారం ముందే ఈ పనులు ముగించండి.

1. కారే కుళాయి

గేటు వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు పోనివ్వండి. స్పానరుతో పైభాగం విప్పితే అడుగున రబ్బరు వాషరు కనిపిస్తుంది. అరిగిపోయి ఉంటే దాన్నే అంగడికి తీసుకుపోయి అదే సైజుది తెచ్చి వేయండి.

మర దగ్గర కారుతుంటే పాత టేపు గీకేసి కొత్త టెఫ్లాన్ టేపు చుట్టండి. మర కొన మీ వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది. ప్లాస్టిక్ మరను మరీ బిగించకండి, చీలిపోతుంది.

పీవీసీ జాయింటు కారితే పైన గమ్ము పూస్తే నిలవదు. ఆ ముక్క కోసి, తుడిచి, బాగా ఆరనిచ్చి, కొత్త కప్లింగు అతికించండి. డబ్బా మీద రాసిన టైము అయ్యాకే నీళ్లు వదలండి. ఈ గమ్ము పని షెడ్డులో పురుగులు లేనప్పుడే చేయాలి.

2. వేడెక్కని హీటరు

ముందు ప్లగ్గు పీకండి. చల్లారాక బ్రష్షుతో దుమ్ము దులపండి. తర్వాత అదే సాకెట్టుకు వేరే సామాను పెట్టి చూస్తే తప్పు హీటరుదా, కరెంటుదా తెలిసిపోతుంది. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి. చిన్న సాకెట్టుకూ, ఎక్స్‌టెన్షన్ బాక్సుకూ పెడితే వైరు కాలుతుంది. సాకెట్టు నల్లబడినా, కాలిన వాసన వచ్చినా, హీటరు ముట్టుకుంటే జిల్లుమన్నా మనం చేయి పెట్టకూడదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

హీటరు మీది అంకెను నమ్మకండి. పురుగుల తట్ట ఎత్తులోనే థర్మామీటరు వేలాడదీసి చూడండి. హీటరు గాలిని ఆరబెడుతుంది కాబట్టి తేమ తగ్గితే తడి గోనెపట్టాలు కట్టండి. జ్వరంలో ఉన్నప్పుడు మాత్రం అవి తీసేయాలి.

3. బొగ్గుల కుంపటి

కరెంటు పోతే చాలామంది కుంపటే పెడతారు. బయట రాజేసి, పొగ పోయాక లోపలికి తెస్తే చాలనుకుంటారు. చాలదు. పొగ లేని నిప్పు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి ప్రాణం తీస్తుంది. కుంపటి ఉన్నంతసేపూ పై కిటికీలు తెరిచే ఉంచండి. ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. తల నొచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే బయటికి వచ్చేయండి.

పురుగులకు కాపలాగా షెడ్డులోనే పడుకునే పెద్దవాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు. ఈ మూడో మాట వాళ్లకు ఈ రాత్రే చెప్పండి.