సవాలు – జవాబు: క్వాడ్ బండి స్టార్టు కానప్పుడు

ఉర్దూలో 'సవాల్' అంటే ప్రశ్న. ఆ మాటే తెలుగులోనికి వచ్చి 'సవాలు' అయి, ఎదిరించి నిలువుమనే పిలుపు అన్న అర్థాన్ని సంతరించుకొన్నది. 'జవాబు' మాత్రం రెండు భాషలలోను జవాబుగానే నిలిచినది. 'మరమ్మతు' కూడ ఆ త్రోవనే మనకు వచ్చిన మాట. మొరాయించిన యంత్రం ముందు నిలిచిన వానికి ఈ మూడు మాటలూ అవసరమే. యంత్రం విసరిన సవాలును సరియైన ప్రశ్నగా మార్చుకోగలిగిన వానికే జవాబు దొరుకుతుంది. జవాబు దొరికిన తరువాతనే మరమ్మతు మొదలు కావలె. ఈ క్రమం తప్పినందువలననే మంచి బ్యాటరీలు మూలపడుతున్నవి, అవసరం లేని కొత్త సామానుకు డబ్బు వ్యయమవుతున్నది. చిన్న క్వాడ్ బండిని ఉదాహరణగా తీసుకొని ఈ క్రమాన్ని పరిశీలిద్దాము.

మోటారు సైకిలు వంటి హాండిలు, నాలుగు లావుపాటి టైర్లు, చిన్న ఇంజను గల బండి క్వాడ్ బైకు. 1980ల ఆరంభంలో జపాను కంపెనీలు అమెరికా విపణిలో ప్రవేశపెట్టిన ఈ తరహా బండి నేడు మన సముద్రతీరాలలోను, విహారస్థలాలలోను కూడ కనిపిస్తున్నది. పిల్లల కోసం తయారయ్యే చిన్న బండ్లలో చాలావాటికి బటనే ఆధారం, కిక్కు ఉండదు. బటను నొక్కి ఇంజనును తిప్పే ఏర్పాటు కొత్తది కాదు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912లోనే కాడిలాక్ కార్లకు అమర్చినారు. మన వీధులలో తిరిగే సెల్ఫ్ స్టార్టు స్కూటర్లలోను ఉన్నది ఇదే సూత్రం. కనుక క్వాడ్ బండిని ఎన్నడూ చూడని వారికి కూడ ఈ పాఠం పనికివస్తుంది.

ఈ ఏర్పాటులో విద్యుత్తు రెండు దారులలో నడుస్తుంది. ఒకటి సన్నని తీగల దారి. ఫ్యూజు, తాళం స్విచ్చి, బ్రేకు స్విచ్చి, బటను వంటి వాటిని దాటి ఇది రిలే అనే చిన్న పరికరంలోని తీగచుట్టను చేరుతుంది. వీటి వరుస కంపెనీని బట్టి కొంత మారవచ్చును. రెండవది లావు తీగల దారి. తీగచుట్ట అయస్కాంతమైనప్పుడు రిలేలోని రెండు లోహపు ముక్కలు కలుసుకొని, బ్యాటరీ నుండి స్టార్టరు మోటారుకు పెద్ద ప్రవాహం పోతుంది. అది ఇంజను లోహం ద్వారా, ఎర్త్ తీగ ద్వారా తిరిగి బ్యాటరీని చేరుతుంది. మొదటి దారి ఆజ్ఞ ఇచ్చేది, రెండవ దారి పని చేసేది. లోపం ఆజ్ఞలో ఉన్నదా, పనిలో ఉన్నదా అన్నదే మన మొదటి ప్రశ్న.

ప్రశ్న వేయబోయే ముందు జాగ్రత్త అవసరం. బండిని న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలు నేలకు తగలకుండ గట్టి ఆధారంపై నిలుపవలె. పెట్రోలు వాసన వచ్చే చోట పరీక్ష చేయరాదు. చేతి ఉంగరం, లోహపు గడియారం తీసివేయవలె. బ్యాటరీ తీగలు విప్పవలసి వస్తే నెగటివ్ తీగను ముందు విప్పి, బిగించేటప్పుడు దానినే చివర బిగించవలె.

ఇక బటను నొక్కి చెవి ఒగ్గి వినవలె. ఏ చప్పుడూ లేకపోతే ఆజ్ఞ రిలేకు చేరలేదనో, రిలేలోని తీగచుట్ట తెగినదనో అనుమానించవచ్చును. ఒక్కసారి 'టక్' మని ఆగిపోతే ఆజ్ఞ చేరినది, పని జరుగలేదు. 'టకటక' మని ఆగకుండ కొట్టుకొంటే సాధారణంగా బ్యాటరీ నీరసించినదని గ్రహించవలె. మోటారు రివ్వున తిరిగి ఇంజను మాత్రం కదలకపోతే లోపం విద్యుత్తుది కాదు, ఆ రెంటినీ కలిపే పళ్ల చక్రాలదో క్లచ్చిదో అయి ఉంటుంది.

నిశ్శబ్దమే జవాబైనప్పుడు మొదట చేతితో చూడదగినవి చూడవలె. బ్రేకు పిడి గట్టిగా నొక్కినామా? హాండిలు మీది కిల్ స్విచ్చి సరిగా ఉన్నదా? ఫ్యూజు తెగినదా? ఇవన్నీ బాగుంటే మల్టీమీటరును రిలే రెండు సన్నని తీగల మధ్య ఉంచి బటను నొక్కించవలె. సుమారు 12 వోల్టులు కనిపిస్తే ఆజ్ఞ అక్కడిదాకా వచ్చినట్లే; రిలేనే మార్చవలె. కనిపించకపోతే దారి మధ్యలో, అనగా బ్రేకు స్విచ్చి వద్ద, పరీక్షించవలె. అక్కడ ఉంటే లోపం ముందున్నది, లేకుంటే వెనుకనున్నది. ఇట్లు ప్రతిసారీ సగం దారిని తొలగించుకొంటూ పోతే రెండు మూడు పరీక్షలలో చోటు తెలిసిపోతుంది. దీర్ఘ సమాసాన్ని పదాలుగా విడదీసి అర్థం చెప్పుకొనే విద్యార్థికి ఈ పద్ధతి కొత్త కాదు.

'టక్' మన్నది గాని మోటారు తిరుగలేదు. హెడ్‌లైటు మాత్రం చక్కగా వెలుగుచున్నది. "లైటు వెలుగుతున్నది కదా, బ్యాటరీకీ తీగలకూ ఏమీ కాలేదు" అని చాలామంది ఇక్కడనే పొరబడతారు. ఓమ్ సూత్రం దీనికి సమాధానం చెబుతుంది. టెర్మినల్ మీద చిలుము పట్టి 0.06 ఓముల నిరోధం ఏర్పడినదనుకొందాము. లైటు తీసుకొనేది 3 ఆంపియర్లయితే అక్కడ పోయేది 0.18 వోల్టు మాత్రమే. కంటికి తేడా తెలియదు. మోటారు 50 ఆంపియర్లు కోరితే అదే చిలుము వద్ద 3 వోల్టులు హరించిపోతవి. మిగిలినదానితో మోటారు ఇంజనును తిప్పలేదు. కనుక వోల్టేజిని ఊరక ఉన్నప్పుడు కాదు, బటను నొక్కి ఉంచి కొలువవలె.

పూర్తిగా చార్జి అయి విశ్రాంతిగా ఉన్న లెడ్ ఆసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు గాని, కొంచెం ఎక్కువ గాని చూపుతుంది. బటను నొక్కినప్పుడు సుమారు 10 వోల్టులకు దిగువకు పడిపోతే, బ్యాటరీని చార్జి చేసి మరల చూడవలె. అప్పటికీ పడిపోతే బ్యాటరీ అయినా చెడి ఉండవలె, మోటారు అయినా బిగిసి ఉండవలె. వోల్టేజి నిలిచియుండి మోటారు తిరుగకపోతే, మీటరు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్ మీద, మరొక కొసను మోటారు టెర్మినల్ మీద ఉంచి బటను నొక్కవలె. అర వోల్టు మించి చూపితే ఆ దారిలోని తీగలోనో రిలే ముక్కలలోనో లోపమున్నది. బ్యాటరీ నెగటివ్‌కు ఇంజను లోహానికి మధ్య కూడ ఇట్లే చూస్తే ఎర్త్ సంగతి తేలుతుంది. అన్నీ బాగున్నవంటే మోటారు విప్పి కార్బన్ బ్రష్షులు చూడవలసినదే.

ఇంజను చక్కగా తిరుగుచున్నా అంటుకొనకపోతే ప్రశ్న మారుతుంది: ప్లగ్గుకు నిప్పురవ్వ వస్తున్నదా? ఇంజనులోని ప్లగ్గును కదలించకుండ, మరొక మంచి ప్లగ్గును దాని టోపీకి తగిలించి, లోహానికి ఆనించి చూడవలె. చాలా చిన్న బండ్లలో కిల్ స్విచ్చి తీగ బండి లోహానికి తగిలితే నిప్పురవ్వ ఆగిపోతుంది. ఆ తీగ తొడుగు ఒరసుకొని చిరిగినా అదే జరుగుతుంది. ఖరీదైన పెట్టెలు కొనే ముందు ఆ తీగను వెదకవలె.

చివరిగా అన్నింటికంటె ముఖ్యమైన మాట. బ్రేకు స్విచ్చి చెడినదని తేలినప్పుడు దాని రెండు తీగలను కలిపివేస్తే బండి వెంటనే స్టార్టు అవుతుంది. వెనుక త్రాడు లాగితే ఇంజనును ఆపే స్విచ్చినీ ఇట్లే తప్పించవచ్చును. పరీక్ష కోసం ఒక నిమిషం ఈ పని చేయవచ్చు గాని, అట్లే వదలి పంపరాదు. బ్రేకు పట్టనిదే స్టార్టు కాకుండ చేసినది, యాక్సిలరేటరు మీద చేయి ఉంచి బటను నొక్కిన పసివానితో బండి ముందుకు దూకకూడదనే. ఆ త్రాడు పెద్దల చేతిలోని కళ్లెం. ఇరువది నిమిషాల శ్రమ మిగుల్చుకొనుటకు ఆ కళ్లెం త్రెంచిన చేతికి మేస్త్రీ అన్న పేరు తగదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు వర్కుషాపులలో చేరవచ్చు, కొందరు కార్యాలయాలలో కూర్చుండవచ్చు. ఎక్కడనైనను ఆగిపోయినదానిని నడిపించే పని మీ ముందుకు వస్తుంది. అప్పుడు చేతికి దొరికినదానిని మార్చివేయక, ఎక్కడ ఆగినదో అడిగి తెలుసుకొనండి. ఏ స్విచ్చి ఎవరి ప్రాణం కోసం పెట్టినదో తెలియనిదే దానిని తప్పించకండి. బండి కదలుట సగం మరమ్మతు. ఎక్కినవాడు క్షేమంగా దిగుట మిగిలిన సగం.