గోడలు కడుగు యంత్రము – పంచాయతీలు ఎరుగవలసిన జాగ్రత్తలు

ఆర్మూరు చుట్టుప్రక్కల గ్రామములలో సంక్రాంతి వెళ్ళినది మొదలు ఎండలు ముదురు వరకు పసుపే పని. త్రవ్వి తీసిన దుంపలను ఉడకబెట్టుట, పది పదునైదు దినములు ఎండలో ఆరబోయుట, పిమ్మట డ్రమ్ములలో వేసి త్రిప్పి మెరుగు పెట్టుట, ఇవి యన్నియు ఊరి కళ్ళములలోనే జరుగును. మెరుగు పెట్టునపుడు లేచు ధూళి కళ్ళముతో ఆగదు. ప్రక్క ఇండ్ల గోడలను, బడి గోడలను, పంచాయతీ కార్యాలయపు అరుగులను పచ్చబరచును. వానకాలము వచ్చినపుడు అవే గోడలకు నల్లని పాకురు పట్టును. ఈ రెండు కాలముల మురికిని వదిలించుటకు పూర్వము చీపురు, కుంచె, సున్నపు తొట్టి ఉండెడివి. ఇపుడు వాహనములు కడుగు షెడ్లనుండి ఒత్తిడి నీటి యంత్రమును ఒక దినము బాడుగకు తెచ్చి గోడలు కడిగించుట గ్రామములకును వచ్చినది. యంత్రము మంచిదే. కాని అది ఏ గోడకు తగును, దానిని పట్టువాని ప్రాణమునకు ఏ విధమైన రక్షణ ఉండవలెను అను రెండు ప్రశ్నలకు పంచాయతీ సభ్యులు ముందుగా సమాధానము తెలిసికొనకున్నచో, మురికితో పాటు మరికొన్ని కూడ పోవును.

గడచిన ఏటి పసుపు కాలమున మేము ఆర్మూరు సమీపమున ఒక గ్రామమునకు వెళ్ళియుంటిమి. ఆనాడు పంచాయతీ కార్యాలయమును కడిగించుచుండిరి. అది పాత కట్టడము. ముందు గోడ రాయి, మట్టితో కట్టి సున్నపు పూత పూసినది. వెనుక గదులు తరువాతి కాలమున సిమెంటుతో కట్టినవి. యంత్రము తెచ్చిన యువకుడు నీటిలో సబ్బు కలిపి ముందు గోడపై కొట్టెను. పచ్చని గోడ చూచుచుండగానే ఎఱ్ఱబడెను. "ఇదేంది, గోడకు కుంకుమ పూసినట్టయింది?" అని సర్పంచిగారు నవ్విరి. మురికి గట్టిదని తలచి ఆ యువకుడు సన్నని ధార వచ్చు మూతిని బిగించి, గోడకు జానెడు దూరమునకు చేరెను. చేటంత సున్నపు పెచ్చు ఊడి క్రింద పడెను. ఇసుక రేణువు అడ్డుపడి ధార ఆగినపుడు, అతడు ఎడమచేతి చూపుడువ్రేలితో మూతిని తుడువబోయెను. కుడిచేతిలోని మీట నొక్కుకొనెను.

గాయము చూచితిమి. సూది మొనంత రంధ్రము, ఒక్క చుక్క నెత్తురు. "ఏం కాలేదు సారూ, చీమ కుట్టినట్టే ఉన్నది" అని అతడు గుడ్డ చుట్టుకొని మరల పనికి దిగబోయెను. మేమును అది చిన్న గాయమే యనుకొంటిమి. ఒక వార్డు సభ్యురాలు మాత్రము ఒప్పుకొనలేదు. "గోడ ఏడికి పోదు బిడ్డా, ముందు నువ్వు బండెక్కు" అని పట్టుబట్టి ఆసుపత్రికి పంపిరి. సాయంకాలమునకు వాపు అరచేతి వరకు ప్రాకెను. వైద్యులు వ్రేలిని చీల్చి లోపల కడిగి శుభ్రపరచిరి. వ్రేలు నిలిచినది. ఆమె పట్టుబట్టకున్న ఏమై యుండునో తలచుకొన్నపుడు, మా అజ్ఞానమునకు మాకే సిగ్గు కలిగినది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

యంత్రము చేయు పని సులభముగా బోధపడును. మోటారు గాని పెట్రోలు ఇంజను గాని ఒక పంపును నడుపును. ఆ పంపు నీటిని సన్నని మూతిగుండా మహావేగముతో వెడలగొట్టును. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ కార్చర్ అను ఇంజనీరు 1950లో వేడినీటి ఒత్తిడి యంత్రమును తయారుచేసెను. నేడు ఇండ్లకు వాడు చిన్న యంత్రములు చల్లని నీటితోనే నడచును. ఒత్తిడిని 'బారు' అను కొలతతో చెప్పుదురు. కారు టైరులోని గాలి ఒత్తిడి ఇంచుమించు 2 బార్లు. మన రైతులు వీపున మోయు చేతిపంపు కూడ అట్టి స్వల్పమైన ఒత్తిడితోనే మందు చల్లును. ఇంటి వాడుకకు అమ్ము చిన్న కడుగు యంత్రము సైతము 100 బార్లు దాటును. పెట్రోలుతో నడచునవి 200 బార్లను అందుకొనును. మనిషి చర్మమును చీల్చుటకు 7 బార్లు చాలునని వైద్య గ్రంథములు చెప్పుచున్నవి. ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో ఆ మూతికి ఎదురుగా చేయి పెట్టుట యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

నీటిధార చేసిన గాయము పైకి చిన్నది, లోపల పెద్దది. నీరు చర్మమును చీల్చి స్నాయువుల వెంబడి దూరముగా పోవును. గోడమీది మురికిని, సబ్బును, సూక్ష్మక్రిములను వెంట తీసికొనిపోవును. మొదటి గంటలలో నొప్పి తక్కువగా ఉండవచ్చును. అందుచేతనే మోసపోవుదురు. ఇట్టి గాయమును ఇంటిలో పసుపు అద్ది కట్టుకట్టి ఊరకుండరాదు. పసుపు పండించు ఊరిలో ఈ మాట చెప్పుట మాకును కష్టమే. పిసికి నీరు తీయ ప్రయత్నింపరాదు, త్రాడుతో బిగింపరాదు. చేతిని కదలకుండ గుండెకంటె ఎత్తున పట్టి, 108కి ఫోను చేసి, శస్త్రచికిత్స సదుపాయమున్న ఆసుపత్రికి చేర్చవలెను. శస్త్రచికిత్స అవసరము కావచ్చును గనుక తినుటకు, త్రాగుటకు ఏమియు ఈయరాదు. వైద్యునితో "గుచ్చుకొన్నది" అని కాక, "ఒత్తిడి యంత్రపు నీరు లోపలికి పోయినది" అని స్పష్టముగా చెప్పవలెను. నీటిలో సబ్బు గాని, బ్లీచింగు గాని కలిపియున్న యెడల అదియు చెప్పవలెను.

కన్ను వ్రేలికంటె సుకుమారమైనది. ధార తగిలి ఎగురు ఇసుక, సున్నపు పెచ్చులు వెనుకకే వచ్చును. కన్నుల నిరుప్రక్కల మూసియుండు కళ్ళద్దములు, రబ్బరు అడుగు గల మూసిన బూట్లు, నిండు చేతుల చొక్కా లేనిదే ఎవరికిని యంత్రము అప్పగింపరాదు. గ్రామ సఫాయి కార్మికులు చెప్పులతో, కొన్నిచోట్ల ఒట్టి కాళ్ళతో ఈ పని చేయుట మేము చూచితిమి. వారికి ఇవి కొనిపెట్టు బాధ్యత పంచాయతీదే గాని వారిది కాదు. చేతి తొడుగులు జారకుండుటకు పనికివచ్చును; ధారను మాత్రము అవి ఆపలేవు. ధార ఆగినపుడు మొదట మోటారు ఆపి, నీటి కుళాయి కట్టి, మీట నొక్కి లోపలి ఒత్తిడిని వదిలి, ఆ పిమ్మటనే మూతిని విప్పవలెను. ఆ యువకుడు మరచినది ఈ వరుసనే.

ఇక విద్యుత్తు సంగతి. మోటారు యంత్రము 230 వోల్టుల విద్యుత్తుతో నడచును, దానిని పట్టువాడు తడిలో నిలుచును. ఇంతకంటె చెడ్డ కలయిక లేదు. అతుకులు వేసి టేపు చుట్టిన తీగను నీటి మడుగులో పరచి యంత్రము నడుపుట ఎక్కడ కనబడినను పంచాయతీ సభ్యులు తత్‌క్షణమే ఆపించవలెను. తీగ ఒకే ముక్కగా, లావుగా ఉండవలెను. దాని మొగ్గ నేలకు ఎత్తుగా, పొడిగా ఉండవలెను. స్విచ్చికి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చవలెను. విద్యుత్తు దారి తప్పి మనిషి గుండా భూమిలోనికి పోజూచినచో, రెప్పపాటులో సరఫరాను త్రెంచునది అదియే. దానిపైనున్న పరీక్ష మీటను ప్రతి దినము పనికి ముందు నొక్కి చూడవలెను. మన పాత ఇండ్లలో ఎర్తు తీగ చాల చోట్ల పేరునకే యుండును గనుక దీని అవసరము మరింత హెచ్చు. స్తంభమునుండి ఇంటికి వచ్చు సర్వీసు తీగ, మీటరు పెట్టె, వీధిదీపపు తీగ ఉన్న వైపునకు ధారను త్రిప్పరాదు. ఆ భాగమును తడిగుడ్డతో కూడ తాకరాదు, పొడిగుడ్డ చాలును. పెట్రోలు యంత్రమునకు ఈ భయము తక్కువ. కాని దాని పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. కావున పెట్రోలు యంత్రమును గదిలోగాని, తలుపులు మూసిన వసారాలోగాని నడుపరాదు.

ఇపుడు గోడను చూతము. పసుపు రంగునిచ్చు కుర్కుమిన్ అను పదార్థము నీటిలో కరుగదు. కావున నీటి బలము ఎంత పెంచినను మరక కరగిపోదు. సున్నము గాని, సబ్బు గాని, సోడా గాని తగిలినపుడు అది ఎఱ్ఱబడును. పసుపునకు సున్నము చేర్చి కుంకుమ చేయు ఇల్లాండ్రకు, చొక్కామీది పులుసు మరక సబ్బుతో ఎఱ్ఱబడుట చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. గోడకడకు వచ్చునప్పటికి మాత్రము అందరము మరచితిమి. పసుపు ధూళికి తగిన ఉపాయము పొడి చీపురు. ముక్కునకు గుడ్డ కట్టుకొని, తడి తగులక ముందే మెత్తని చీపురుతో దులిపి, తరువాత పలుచగా నీరు చల్లి, మిగిలిన వన్నెను ఎండకు విడువవలెను. ఎండలో ఆ రంగు తానుగా వెలయును. ధూళి పోకముందే వెల్ల వేసినయెడల వెల్లయే ఎఱ్ఱబడును.

మట్టి గోడకు ఈ యంత్రమును చూపనే రాదు. రాయి, సున్నములతో కట్టిన గోడలలో రాయి ఓర్చుకొనును గాని సందులలోని సున్నము ఓర్చుకొనదు. ఒకసారి సందు విచ్చిన పిమ్మట వాననీరు అటనే దూరును. అట్టి గోడలకు మెత్తని కుంచె, బకెట్టు నీరు, ఓపిక చాలును. మందు కొట్టు చేతిపంపుతో కడుగుదుమని కొందరు చెప్పుదురు. పురుగుమందు శేషము గోడకును, ఆ గోడనానుకొని ఆడు పిల్లలకును అంటును గనుక అది వలదు. గూన పెంకుల కప్పుపై క్రిందినుండి పైకి ధార కొట్టినచో నీరు పెంకుల క్రింద దూరి వాసములను తడుపును.

సిమెంటు రేకుల కప్పును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. మన గ్రామములలోని పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ అను రాతినార కలదు. ఆ నార ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరువాత క్యాన్సరు కలిగించునని లోకమంతటను అంగీకరించిరి. ఒత్తిడి నీరు రేకు పైపొరను గీకి ఆ నారను వదలగొట్టును. ఆరిన తరువాత అది గాలిలో లేచును. పాకురు పట్టినను సరే, ఆ రేకులను యంత్రముతో కడుగరాదు. పాత తలుపులు, కిటికీల రంగులోను ఇట్టి భయము కలదు. రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నిబంధన 2017 నవంబరు 1 నుండియే అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగు పెచ్చులు ఎగిరి అంగన్‌వాడీ ఆవరణలోను, చేదబావిలోను పడరాదు.

మరొక సంగతి. ప్రతి పంచాయతీలోను బ్లీచింగు పొడి ఉండును. మరుగుదొడ్లు కడుగు యాసిడు అంగడిలో దొరకును. పాకురు త్వరగా పోవునని రెంటిని కలిపినచో క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరి బిగబట్టును. ఒకదాని తరువాత ఒకటి ఒకే గోడపై పోయుటయు అంతే ప్రమాదము.

సిమెంటు గోడ, సిమెంటు గచ్చు, బండల వాకిలి, ఇవి యంత్రమునకు తగిన తావులు. వానికిని 40 డిగ్రీల వెడల్పుతో ధార విచ్చుకొను తెల్ల మూతినే వాడవలెను. ఎఱ్ఱ మూతి సూదివంటి ధారనిచ్చును. దానిని యంత్రము యజమాని వద్దనే ఉంచివచ్చుట మేలు. కనబడని మూల ఒకచోట నాలుగు అడుగుల దూరమునుండి ఆరంభించి మెల్లగా దగ్గరకు జరిగి, మురికి ఊడి రంగు ఊడని దూరము తెలిసికొని, ఆ దూరముననే గోడయంతయు కడుగవలెను. సబ్బు క్రిందినుండి పైకి, మంచినీరు పైనుండి క్రిందికి. మీట నొక్కగానే గొట్టము మనిషిని వెనుకకు నెట్టును గనుక నిచ్చెన ఎక్కి పని చేయరాదు. ఎత్తైన గోడకు పొడవు గొట్టము అడుగవలెను.

చిన్న యంత్రము నిమిషమునకు 7 లీటర్ల చొప్పున త్రాగినను గంటకు 420 లీటర్లు అగును. మిషన్ భగీరథ లెక్కలో పల్లెలలో మనిషికి దినమునకు 100 లీటర్లు. అనగా నలుగురి దినపు నీరు గంటలో గోడకు పోవును. కుళాయి నీరు కాక, పంచాయతీ ట్యాంకరులో బోరు నీరు నింపి, ఇసుక రాకుండ గుడ్డ వడపోత కట్టి వాడవలెను. బాడుగ మాటలాడునపుడే పెచ్చులూడినచో బాగుచేయించువారెవరు, పనివానికి దెబ్బ తగిలినచో ఖర్చు ఎవరిది అని తీర్మాన పుస్తకములో వ్రాసికొనుట మంచిది. మేము చూచిన గ్రామములో అట్లు వ్రాయలేదు. అందుచేత ఆసుపత్రి ఖర్చు విషయమున రెండు వారములు వాదములు జరిగినవి.

ఊడిన పెచ్చు స్థానమున మొదట సిమెంటు పూయబోయిరి. సున్నపు గోడలోని చెమ్మ సిమెంటు వెనుక చిక్కి, మిగిలిన పూతను కూడ వదులు చేయునని ఊరి ముసలి మేస్త్రి ఆపెను. అతడే ఇసుక, సున్నము కలిపి మూడు పలుచని పొరలుగా పూసి, నడుమనడుమ ఆరనిచ్చి, చివర గోడను కొంచెము తడిపి వెల్ల వేసెను. యంత్రమును ఇపుడు ఆ గ్రామమువారు వెనుక గదుల సిమెంటు గోడలకును, సంత జరుగు గచ్చుకును మాత్రమే తెప్పించుచున్నారు.