చెరువుగట్టున వ్రాయవలసిన చిట్టా

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీస్సులు.

నీవు దుర్భిణి కొనుక్కొని, సెలవు దినములందు తెల్లవారుజామున చెరువుగట్టున నిలిచి పక్షులను చూచుచున్నావనియు, అయితే మెట్‌పల్లిలోగాని, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలలోగాని ఈ విద్య నేర్పు గురువులును, సంఘములును కానరాక కొంత నిరుత్సాహము చెందియున్నావనియు మీ నాన్న వ్రాసిన ఉత్తరమువలన తెలిసికొంటిని. బిడ్డా, పక్షివిద్యకు హైదరాబాదువారికి గల సదుపాయము మనకు లేదన్నమాట నిజమే. కాని నగరపు చెరువులను చూచువారు ఎందరో యుండగా, మన చెరువులను చూచి వ్రాసిపెట్టువారు మిక్కిలి తక్కువ. కావున నీవు వ్రాయు ప్రతి పంక్తియు మన జిల్లాకు క్రొత్త ఆస్తియే. ఈ ఒక్క సంగతి నీకు నచ్చజెప్పుటకే ఈ లేఖ.

మన దక్కను పక్షులను గూర్చి క్రమముగా వ్రాసిపెట్టిన మహనీయుడు సాలిం అలీ. ఉద్యోగము లేని దినములలో, తనకు జీతమక్కరలేదనియు, ప్రయాణమునకును విడుదులకును అగు వ్యయము భరించినచో చాలుననియు సంస్థానములకు తెలిపి, 1931-32లో నిజాము రాజ్యమునందు పక్షుల సర్వే సాగించెను. భార్య తెహ్మీనా వెంటరాగా డేరాలలో బసచేయుచు సేకరించిన ఆ వివరములు పిమ్మట బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి పత్రికలో వెలువడినవి. 1941లో అచ్చయిన ఆయన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ ఇప్పటికిని ఆరంభకులకు మేలైన గ్రంథము. ముందుగా దానిని సంపాదింపుము. ఆ సర్వే జరిగిననాటికి పోచంపాడు ఆనకట్ట లేదు, దాని కాకతీయ కాలువ లేదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నీరు వచ్చిన తరువాత మన జొన్నచేలును, మెట్టభూములును ఎన్నియో వరిమళ్ళుగను, పసుపుతోటలుగను మారినవి. మెట్టను నమ్ముకొని బ్రతుకు కవుజుకును పూరేడుకును నెలవు తగ్గి, నీటిని నమ్ముకొనిన కొంగకును నీటికాకికిని పెరిగినదని నా అభిప్రాయము. ఏనాటి పక్షులను ఆనాడు పేరుపేరున వ్రాసిన చిట్టా యొకటి మన చెరువుకు ఉండియున్నచో, ఈ అభిప్రాయమే సాక్ష్యమయ్యెడిది.

ఏమి వ్రాయవలెనందువా? ఒక్క చెరువును ఎన్నుకొని, వారమునకొకసారి, ఒకే వేళకు, ఒకే గట్టున నడువుము. తేదీ, బయలుదేరిన వేళ, నిలిచిన కాలము, నడిచిన దూరము, చెరువులో నీటిమట్టము మొదట వ్రాసి, ఆపైన కనబడిన ప్రతి పక్షి పేరును, సంఖ్యను వ్రాయుము. అరుదైన వానినే పట్టించుకొని కాకిని, గోరువంకను, గువ్వను విడిచిపెట్టుట క్రొత్తవారి అలవాటు. అది చిట్టా విలువను చాలవరకు హరించును. చూచినవన్నియు వ్రాసిన పట్టీలో లేని పక్షి ఆనాడు అచట కనబడలేదని చదువువారు గ్రహింతురు. ఏరి వ్రాసిన పట్టీలో ఆ లేమికి అర్థమే యుండదు. పేరు తెలియనిచో ఊహించి వ్రాయకుము. ముక్కు పొడవును, కాళ్ళ రంగును, ఎగురునప్పుడు రెక్కలపై అగపడు చారలను వ్రాసి, పేరుచోటు ఖాళీగా నుంచుము.

ఇక గూళ్ళ సంగతి. వానలు పడిన పిమ్మట, వ్యవసాయబావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకు కొంత ఎడముగా కదలక కూర్చుండుము. మగ గిజిగాడు వరియాకు అంచును కొరికిపట్టి, ఎగురుచునే పొడవైన నారగా చీల్చుకొనివచ్చి అల్లును. సగమల్లిన గూడు బోర్లించిన టోపీవలె వ్రేలాడును; దాని అడుగున అడ్డముగా ఒక పట్టె యుండును. ఆడుపక్షి వచ్చి, ఆ పట్టెమీద వ్రాలి, లోపలి అల్లికను ముక్కుతో లాగి పరీక్షించును. దానికి నచ్చిన తరువాతనే మగపక్షి గ్రుడ్ల అరను పూర్తిచేసి క్రిందికి పొడవైన త్రోవను అల్లును. నచ్చనిచో ఆ గూడు చాలమారులు అట్లే విడువబడును. తడిమట్టి ముద్దలను లోగోడకు అంటించుటయు దగ్గరనుండి చూడదగినది. ఒక్క చెట్టున పూర్తియైన గూళ్ళెన్ని, సగములో నిలిచినవెన్ని యని ఏటేట లెక్కించుటకు నీ దుర్భిణి, ఒక పెన్సిలు చాలును. అయితే ఫోటో కొరకు గూటి చెంతకు పోవలదు. మనుష్యసంచారము ఎక్కువైనచోట పక్షి గూటిని విడిచిపోవుటయు గలదు.

గురువులు లేరని బెంగపడకుము. మోకు కట్టుకొని తాళ్ళెక్కు గౌడులకును, చెరువులో వలవేయు బెస్తవారికిని, మందలతో బీళ్ళు తిరుగు గొల్లకుర్మలకును తెలిసిన సంగతులు ఎన్నియో పుస్తకములందు లేవు. బీటిలో గులకరాళ్ళ నడుమ తీతువు పెట్టిన నాలుగు గ్రుడ్లను కాపరి దూరమునుండియే గుర్తించి మందను ప్రక్కకు మళ్ళించును. 1848లో పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్ వెలుగులోనికి తెచ్చిన కలివికోడి యను పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని విద్వాంసులు తలచియుండగా, 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లి చెంత మరల దొరకినది. బొంబాయి సొసైటీ పరిశోధకునికి అది దొరకుటకు తోడ్పడినవాడు ఆ ప్రాంతపు వేటగాడే. కావున పెద్దలను అడుగునప్పుడు వారు చెప్పు పేరునే మొదట వ్రాసికొని, పుస్తకపు పేరును దాని ప్రక్కన చేర్చుము.

చిట్టా ఇంటి పెట్టెలోనే యుండరాదు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థవారు 2002లో ఆరంభించిన ఈబర్డ్‌లో నీ పట్టీని ఫోనునుండియే ఉచితముగా చేర్చవచ్చును. దేశమునందు సుమారు 30,000 మంది ఇట్లు చేర్చిన పట్టీల ఆధారముననే 2023లో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల స్థితిని విచారించి, 178 జాతులను అత్యంత శ్రద్ధతో కాపాడవలెనని తేల్చినది. అట్టివారిలో మెట్‌పల్లి గట్టునుండి నీవును ఒకతెవైనచో నాకు గర్వకారణము. ప్రతి జనవరిలో జరుగు ఆసియా నీటిపక్షుల గణనయు, ఫిబ్రవరిలో నాలుగు దినములు జరుగు పెరటిపక్షుల గణనయు నీవంటివారిని ఆహ్వానించునవే. హైదరాబాదులో 1980లో వెలసిన బర్డ్‌వాచర్స్ సొసైటీ నేడు డెక్కన్ బర్డర్స్ అను పేర నడచుచున్నది. వారి పత్రిక పేరే ‘పిట్ట’. వారికి ఒక ఉత్తరము వ్రాసి, వారి యాత్రలలో ఒక్కదానికైనను పొమ్ము.

పాలపిట్టను గూర్చి వేరుగా చెప్పవలెను. మన తెలంగాణ రాష్ట్రపక్షియే అయినను, గణనీయముగా తగ్గిపోవుచున్నవనియు, అంతర్జాతీయముగా స్థితిని మరల నిర్ణయింపవలసినవనియు పైన చెప్పిన నివేదిక పేర్కొన్న జాతులలో అదియు ఒకటి. దసరానాడు దానిని చూచుట శుభమని, కొందరు దానిని పట్టి, పంజరములో నిర్బంధించి, జమ్మిచెట్టు చెంతకు తెచ్చి చూపుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము అది నేరము. శుభమును కోరి చేయు ఈ పని నాకు మిక్కిలి బాధాకరము. అట్టిది కంటబడినప్పుడు వాదులాడక అటవీశాఖవారికి తెలియజేయుము. ఆ పక్షి మొండితాళ్ళ తొర్రలలో గ్రుడ్లు పెట్టును. మన చేనిగట్టునగల ఎండిన తాటిమోడును కొట్టింపవద్దని మీ నాన్నకు నా మాటగా చెప్పుము.

పాలపిట్టవలెనే రాబందులకును మన తోడ్పాటు కావలెను. గోదావరికి ఉత్తరమున, కుమురంభీం ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్టపై రాబందులు గూళ్ళు పెట్టుచున్నవని 2013లో బయటపడినది. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ మందు కళేబరముద్వారా రాబందుల మూత్రపిండములను చెరచినందున ఆ జాతులు దేశమంతట కూలిపోయినవి. పశువైద్యమున ఆ మందు 2006లోనే నిషిద్ధమైనది. రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ దొరకుచున్నది. మన పాడివారు ఏ మందు వాడుచున్నారో అడిగి, ఈ సంగతి వారికి మెల్లగా తెలియజెప్పుము.

జనవరి గణన నాటికి నేనును మెట్‌పల్లికి వత్తును. అంతకుముందు నీ నోటుపుస్తకములోని మొదటి నాలుగు వారముల పుటలను నకలు తీసి పంపుము; పేరు తెలియనివాని వర్ణనలను మాత్రము విడువకుము, వానిని మనమిద్దరము కూర్చుండి పోల్చుకొందము.

ఇట్లు,
నీ తాత