అప్పుతో కొన్న కారు: బీమా తీర్చేదెంత, మిగిలే బాకీ ఎంత?

ప్రమాదంలో కారు నుజ్జయిపోయిన పిమ్మట బ్యాంకుకు కిస్తీలు ఎందుకు కట్టవలెనని ప్రశ్నించేవారు అనేకులు. వస్తువే లేనప్పుడు దానిపై అప్పు ఎక్కడిదని వారి వాదం. వినుటకు న్యాయంగానే తోచే ఈ మాటకు చట్టంలో చోటు లేదు. అప్పు ఒక ఒప్పందం, బీమా వేరొక ఒప్పందం. బ్యాంకు ఇచ్చినది ధనం, తిరిగి కోరేదీ ధనమే. కారు అందుకు హామీ మాత్రమే. కనుక కారు గ్యారేజీలో మూడు నెలలు పడి ఉన్నా కిస్తీ గడువు ఆగదు.

ఈ హామీకి హైపోథికేషన్ అని పేరు. బంగారం కుదువ పెడితే నగ బ్యాంకు ఇనుప పెట్టెలోకి పోతుంది. ఇక్కడ కారు మన వాకిట్లోనే ఉంటుంది, బ్యాంకు హక్కు కాగితంపై ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ననుసరించి ఆ హక్కును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేస్తారు. బీమా పాలసీలోనూ బ్యాంకు పేరు చేరుస్తారు. అందువల్ల కారు పూర్తిగా నష్టపోయినప్పుడు బీమా సొమ్ము మొదట బ్యాంకు బాకీకి జమ అవుతుంది, మిగిలినదే యజమానికి.

మిగలకపోతే? చిక్కంతా ఇక్కడనే ఉన్నది. బీమా సంస్థ లెక్కించేది మనం పెట్టిన ఖర్చును కాదు, పాలసీలో ప్రకటించిన విలువను. వాడుకలో ఉన్న తరుగు పట్టిక ప్రకారం రెండేళ్లు దాటి మూడేళ్లకు లోబడిన కారుకు ధరలో 30 శాతం తగ్గిస్తారు. రిజిస్ట్రేషన్, పన్ను ఖర్చులు ఈ ధరలో చేరవు. మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం మించితే పూర్తి నష్టంగా పరిగణిస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. షోరూం ధర 8 లక్షలు. ఇతర ఖర్చులతో 9 లక్షలు కాగా, 8 లక్షలు అప్పు తెచ్చారనుకొందాం. వడ్డీ 10 శాతం, గడువు ఏడేళ్లు. నెలకు కిస్తీ సుమారు 13,280 రూపాయలు. ఇరవై నాలుగు కిస్తీలు క్రమం తప్పక కట్టినా అసలు ఇంకా 6,25,000 దాకా ఉంటుంది. బీమా విలువ 5,60,000. కారు పోయినా 65,000 బాకీ నిలిచే ఉంటుంది. 'రిటర్న్ టు ఇన్వాయిస్' అనే అదనపు రక్షణ ఈ అంతరానికే ఉద్దేశించినది; కొత్త కారుకు అది తీసుకొనుట మంచిదని నా అభిప్రాయం. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్నవారికైతే తమ కారు నష్టానికి పైసా రాదు.

కిస్తీ, బాకీ, వసూలు, జామీను: ఇవన్నీ మన కళాశాలలోని రెండు భాషలవారికీ చుట్టాలైన మాటలు. వీటిలో జామీను గురించి విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవలెను. మిత్రుని అప్పుకు మాటసాయంగా సంతకం చేశామనుకొంటారు. కాని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్, ఒప్పందంలో వేరే షరతు లేనిచో, జామీనుదారుని బాధ్యత అప్పుదారుని బాధ్యతతో సమానమని చెప్తున్నది. పైన చూపిన 65,000 అతనినీ అడుగవచ్చును.

ప్రమాదం జరిగిన వెంటనే బీమా సంస్థకూ బ్యాంకుకూ తెలియజేయాలి. సర్వేయరు చూడకముందు మరమ్మతు మొదలుపెట్టరాదు. బాకీ మొత్తం తీరిన తరువాత బ్యాంకు నుండి నిరభ్యంతర పత్రం పొంది, 35వ నంబరు ఫారంతో రవాణా కార్యాలయంలో హైపోథికేషన్ నమోదును రద్దు చేయించుకొనవలెను.