పాత పంక్తుల తొలగింపు

కఱ్ఱ, చెఱువు, గుఱ్ఱము అని ఉండవలసిన చోట నేడు మనము కర్ర, చెరువు, గుర్రము అని వ్రాయుచున్నాము. బండి ‘ఱ’ నిత్యవ్యవహారమునుండి దాదాపు తొలగిపోయినది. దానిని పిల్లలకు నేర్పవలెనా వద్దా అని ఉపాధ్యాయులు వాదులాడుకొనుట నేను పలుమారు వింటిని. కాని నన్నయ, తిక్కనల పద్యములలో ర, ఱ లు ప్రాసలో కలియవు. ఆ అక్షరమే లేకున్నచో ఆ గ్రంథములను ఉన్నవి ఉన్నట్లు అచ్చు వేయలేము. ఒకటి వాడుకలో లేదనుట వేరు, దానితో ఎవరికిని పని లేదనుట వేరు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ చిక్కు తరచుగ ఎదురగుచుండును. వారు దానిని తీర్చుకొను తీరును ఈ వ్యాసమున కొంత చెప్పదలచితిని. తెలుగు పాఠము చెప్పువానికి ఈ ప్రసంగమేల అని మీరు అడుగవచ్చును. కారణము చివరకు తెలియగలదు.

ఓపెన్ సోర్స్ అనగా ప్రోగ్రాము మూలప్రతిని దాచక, చదువుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు అందరికిని అనుమతి నొసగు పద్ధతి. ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగ నుండిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లైనక్స్ కెర్నెల్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. యంత్రమునకును, మనము వాడు ఇతర ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడుపునది కెర్నెల్. మీ చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో ఉన్నదియు ఇదియే. దాని పంక్తులు మూడు కోట్లు ఎప్పుడో దాటినవి.

వాడని పంక్తులు అటకమీది పాత సామానువలె పడియున్నచో నష్టమేమని తోచును. నష్టము కలదు. ఒక కంప్యూటరులోపల మరియొక కల్పిత కంప్యూటరును నడుపు క్యూఎమ్యూ అను ఓపెన్ సోర్స్ ప్రోగ్రామున ఫ్లాపీ డిస్కు పరికరమును అనుకరించు భాగమొకటి కలదు. ఫ్లాపీలు మూలబడిన చాలకాలమునకు, 2015లో, ఆ భాగమున ఒక లోపము బయటపడినది. అది 2004 నుండి అందే దాగియున్నది. కల్పిత యంత్రమున చేరిన దుష్టుడు ఆ లోపము ద్వారా అసలు యంత్రములోనికి చొరబడుటకు వీలుండెను. ఫ్లాపీతో పనిలేనివారికిని ఈ ముప్పు తప్పలేదు, ఏలయన ఆ భాగము ఎవరును కోరకయే వచ్చి చేరియుండెను. ఈ లోపమునకు ‘వెనమ్’, అనగా విషము, అని పేరు పెట్టిరి. వెంటనే సరిదిద్దిరి కాని, పదునొకండేండ్లు దానిని ఎవరును కనుగొనకపోవుటయే ఇందు గమనింపదగినది. ఎవరును నడువని దారిని ఎవరును బాగుచేయరు గదా!

ఇక తొలగింపు జరుగు విధము. ఇంటెల్ వారు 1985లో వెలువరించిన 386 ప్రాసెసరుమీదనే టోర్వాల్డ్స్ తన తొలి కెర్నెల్ వ్రాసెను. లైనక్సునకు అది పుట్టినిల్లు. కాని ఆ ప్రాసెసరునకు రెండు కొరతలు కలవు. ‘ఇచట వ్రాయరాదు’ అని గుర్తుపెట్టిన మెమరీ పుటలను అది సామాన్య ప్రోగ్రాములనుండి కాపాడునే కాని, కెర్నెల్ తానే వ్రాయబోయినచో అడ్డగింపదు. రెండవది, ఒక గడిలోని సంఖ్యను పోల్చి చూచి, అది మారకున్నచో తత్‌క్షణమే క్రొత్త సంఖ్య నుంచుటను ఒకే ఆదేశముతో చేయజాలదు. ఇద్దరు గుమాస్తాలు ఒకే రిజిస్టరున వ్రాయునపుడు ఒకరి వ్రాతను మరియొకరు చెరుపకుండుటకు ఇట్టి ఆదేశము మిక్కిలి అవసరము. 1989 నాటి 486 ప్రాసెసరున ఈ కొరతలు తీరినవి. అయినను 386 కొరకు కెర్నెలులో అడుగడుగున ప్రత్యేక మార్గములు ఉంచవలసివచ్చెను. క్రొత్త పని తలపెట్టిన ప్రతివాడును వానిని తప్పించుకొని పోవలసివచ్చెడిది. 2007లో ఇంటెల్ వారు దాని తయారీని నిలిపిరి. 2012 డిసెంబరున ఇంగో మోల్నార్ దాని తొలగింపును ప్రతిపాదింపగా, తనకు మమకారమేమియు లేదని చెప్పి టోర్వాల్డ్స్ అంగీకరించెను. తొలగినవి కొన్ని వందల పంక్తులే. అవి తగ్గినందున ఇతరుల పని సులువైనది. 386 గలవారు తమ పాత కెర్నెలును యథాప్రకారము వాడుకొనుటకు అడ్డేమియు లేదు.

అట్లయిన ముసలివన్నియు పోవలసినదేనా? కాదు. 2018లో ఆర్న్డ్ బెర్గ్‌మన్ చేపట్టిన పనిలో ఎనిమిది రకముల ప్రాసెసర్లకు సంబంధించిన పంక్తులు, సుమారు అయిదు లక్షలు, ఒక్కమారుగ తొలగినవి. అందు పలువిధములైనవి 1979లో వచ్చిన మోటరోలా 68000 శ్రేణికంటె ఎంతయో చిన్నవి. ఆ శ్రేణికి చెందిన పాత అమీగా, అటారీ యంత్రముల భాగము మాత్రము కెర్నెలున నిలిచినది. కారణము వయస్సు కాదు. దానిని పరీక్షించి, తప్పులు దిద్ది పంపు మనుష్యులు కొందరు కలరు. తొలగినవానికి అట్టి దిక్కు లేకపోయెను. తొలగింపునకు ముందు బెర్గ్‌మన్ ఆయా భాగముల బాధ్యులను విచారించెను. అట్లు విచారించుటచే మరి రెండు నిలిచినవి. వానిలో ఒకటి 2020లో పోయినది.

2019లో కెర్నెలులోని ఫ్లాపీ భాగమునకు సంరక్షకుడుగ నుండిన వ్యక్తి తనయొద్ద పనిచేయు ఫ్లాపీ యంత్రమే లేదని తెలిపెను. దానిని ‘అనాథ’ అని నమోదు చేసిరి. ఆ మాట విని మరియొకరు ముందుకు వచ్చి బాధ్యత స్వీకరించిరి. బహిరంగముగ ప్రకటింపకున్నచో ఆ వ్యక్తి వచ్చియుండునా?

తొలగించినది నశింపదనుట మరియొక విశేషము. 2005 నుండి లైనక్స్ చరిత్ర అంతయు గిట్ అను పద్ధతిలో భద్రపరచబడియున్నది. ఏ పంక్తిని ఎవరు, ఏ దినమున, ఏ కారణముచే తీసివేసిరో ఎవరైనను చూడవచ్చును, కావలసినచో తిరిగి తెచ్చుకొనవచ్చును.

ఇప్పుడు నా మాట. మన పత్రిక పాత సంచికల తెలుగు విభాగము ఒకప్పటి టైపింగు ప్రోగ్రామున కూర్చబడినది. అందు తెలుగు అక్షరములు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండెడివి. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో అర్థములేని ఇంగ్లీషు ముక్కలు కానవచ్చును. దానిని అమ్మినవారు దాని పోషణము మానివేసిరి. ముందుగ ఒక్క మాట చెప్పలేదు, మూలప్రతిని ఎవరికిని ఈయలేదు. మనయొద్ద ఫైళ్ళు కలవు, చదువుటకు వీలులేదు. ఉర్దూ విభాగమున కాతిబులు చేతితో వ్రాసిన పుటలు మాత్రము అచ్చున నేటికిని నిక్షేపముగ నున్నవి!

గత వేసవిలో ఇద్దరు విద్యార్థినులు అచ్చుప్రతులు ముందుంచుకొని ఆ వ్యాసములను యూనికోడులో తిరిగి టైపు చేయ మొదలిడిరి. యూనికోడువారు ఒకమారు చేర్చిన అక్షరమును ఎన్నడును తొలగింపరు. 1991 నాటి తొలి పట్టికనుండి ‘ఱ’ అందున్నది. ఒకనాడు వారిలో ఒక అమ్మాయి వచ్చి, “సార్, ఇక్కడ చెఱువు అని బండి ఱ తో ఉన్నది, చెరువు అని మార్చమంటారా?” అని అడిగినది. మార్చవద్దంటిని. ఆ అక్షరము కీబోర్డున ఎచట నున్నదో వెదకుటకు మా ముగ్గురికిని కొంతసేపు పట్టినది.